పేరు తెలియదు కాదు, అడగలేదు

నాకు సన్మానాలంటే భయం. శాలువా కప్పి, దండ వేసి, చేతిలో బరువైన వస్తువేదో పెట్టి ఫొటో తీస్తారు. ఆ వస్తువుని ఇంట్లో ఎక్కడ పెట్టాలో తెలియక బీరువా మీదకి ఎక్కిస్తాం. రెండేళ్ళ కిందట నరసరావుపేటలో ఓ రచయిత్రుల సభలో నాకిచ్చిన వస్తువు మాత్రం బీరువా ఎక్కలేదు. అదొక ఫొటో ఫ్రేము. పాత ఫొటోకి నకలు తీయించి, పెద్దది చేయించి, అద్దం బిగించి ఇచ్చారు. అందులో ఒక లంబాడీ స్త్రీ నిలబడి ఉంది. కింద ఇంగ్లీషులో రెండు మాటలు. లంబాడీ ఆడమనిషి అని వాటి అర్థం. అంతే.

"మీవాళ్ళే కదా మేడమ్! బ్రిటిష్ వాళ్ళ కాలం నాటి పుస్తకంలోదంట. చాలా అరుదైన పుస్తకమంట. మీకోసమే వెతికి పట్టుకున్నాం" అంది నిర్వాహకుల్లో ఒకమ్మాయి. ఎంత ప్రేమగా అందో! హాలంతా చప్పట్లు. నేనూ నవ్వుతూ ఆ ఫ్రేముని గుండెలకి ఆనించి పట్టుకుని ఫొటో దిగాను. మర్నాడు పేపర్లో పడింది. కింద నా పేరుంది, అతిథుల పేర్లున్నాయి, చివర్న సగం మాత్రమే కనపడుతున్న హాలు యజమాని పేరు కూడా ఉంది. నా చేతుల్లో ఉన్నామెకి తప్ప అందరికీ పేర్లున్నాయి.

ఇది నేను గమనించలేదు. మా యాడి గమనించింది.

మా యాడిది మాచర్ల పక్క తండా. మిరపకోతలకీ పత్తితీతకీ పోయి నన్ను చదివించింది. మోకాళ్ళు అరిగాక నా దగ్గరకొచ్చింది. ఆమెకి అక్షరాలు రావు. ఫ్రేముని వెలుతురులోకి తీసుకెళ్ళి చాలాసేపు చూసింది. తర్వాత మా భాషలో అడిగింది: "ఎవరి బిడ్డ ఇది? ఏ తండా? ఏ ఇంటిపేరు?"

మాలో ఇద్దరు ఎదురుపడితే ముందు అడిగేది ఇదే. రమావత్ వాళ్ళా, కేతావత్ వాళ్ళా, భూక్యా వాళ్ళా? అది తెలిస్తేనే వరస కలుస్తుంది, అక్కో వదినో తేలుతుంది, ఆ తర్వాతే మంచినీళ్ళు. నేను ఫ్రేము కిందున్న రెండు ముక్కలూ చదివి చెప్పాను. "అది నాకూ కనపడుతోందిలే. ఎవరో చెప్పు" అంది.

నేను చెప్పలేకపోయాను. ఆమే చెప్పడం మొదలుపెట్టింది. చెవుల పక్కన ఘుగ్రి వేలాడుతోంది కాబట్టి పెళ్ళయింది. మోచేతి పైన కూడా బలియా గాజులున్నాయి కాబట్టి మొగుడు బతికే ఉన్నాడు. కాంచ్లి మీద అద్దాల కుట్టు మనవైపు కుట్టు కాదు, ఎటునుంచో వచ్చిన పిల్ల. టుక్రిని తలమీంచి వెనక్కి లాగి ఉంది. "మొగాళ్ళ ముందు మనం అట్లా లాక్కోం. ఎవరో లాగించారు. మొహం చూడు, గదమాయించి నిలబెట్టారు."

వందేళ్ళుగా ఆ ఫొటోని ఎంతోమంది చదువుకున్నవాళ్ళు చూసి ఉంటారు. వాళ్ళలో ఒక్కరికీ రాని ప్రశ్న మా యాడికి మొదటే వచ్చింది. ఆ ప్రశ్న పట్టుకుని నేను ఆ పుస్తకాల వెంట పడ్డాను. పడ్డాక నాకొచ్చిన కోపమే ఈ వ్యాసం. చల్లారాక రాస్తే బాగుంటుందని కొందరు మిత్రులు సలహా ఇచ్చారు. చల్లారలేదు.

ఇలాంటి పుస్తకాల్లో అన్నిటికన్నా పేరున్నది 'ది పీపుల్ ఆఫ్ ఇండియా'. 1868 నుంచి 1875 వరకు లండన్‌లో ఇండియా మ్యూజియం తరఫున ఎనిమిది సంపుటాలుగా వచ్చింది. జాన్ ఫోర్బ్స్ వాట్సన్, జాన్ విలియం కే అనే ఇద్దరు దాని సంపాదకులు. 468 ఫొటోలు. ఫొటోని నేరుగా అచ్చువేసే వీలు అప్పటికింకా సరిగా లేదు కాబట్టి ప్రతి ప్రతిలోనూ అసలు ఫొటోలనే అంటించారు. వేసింది 200 ప్రతులు. అందులో సగం సర్కారు వాడకానికే. ఇప్పుడు అది 'అరుదైన' పుస్తకం. వేలంపాటల్లో సేకరణకర్తలు పోటీపడి కొనుక్కునే పుస్తకం.

అది మొదట గవర్నర్ జనరల్ కానింగ్ దంపతుల ముచ్చటగా మొదలైందట. స్వదేశానికి వెళ్ళేటప్పుడు జ్ఞాపకంగా పట్టుకుపోవడానికి ఈ దేశపు మనుషుల ఫొటోలు కావాలనుకున్నారు. లేడీ షార్లెట్ కానింగ్ స్వయంగా చిత్రకారిణి. (మన రాజకీయాలకి ఇబ్బందిగా ఉన్నా చెప్పుకోవాలి. చూసే చూపు ఆడదానిదైనంత మాత్రాన చూడబడుతున్న ఆడదానికి ఒరిగేది ఏమీ ఉండదు.) ఈలోగా 1857 వచ్చింది. తిరుగుబాటు అణిచాక పాలకులకి భయం పట్టుకుంది. ఈ జనంలో ఎవరు నమ్మకస్తులు, ఎవరు దొంగలు, ఎవరు మళ్ళీ లేస్తారు? ముచ్చట కాస్తా సర్కారు పని అయిపోయింది. ప్రతి ఫొటో పక్కనా ఆ కులం వాళ్ళ గుణగణాలు రాశారు. వీళ్ళు విధేయులు, వీళ్ళు మోసగాళ్ళు, వీళ్ళు కష్టజీవులు అంటూ. పశువుల సంతలో పళ్ళు చూసి చెప్పినట్టు.

ఆ 468లో ఒకటి మావాళ్ళది. సహరాన్‌పూర్‌లో తీసింది. అక్కడ మమ్మల్ని బ్రింజారాలంటారు. ఫొటో కింద ఏముందంటే, ఒక బ్రింజారా, భార్య, ఊరూరా తిరిగి ధాన్యం అమ్మేవాళ్ళు అని. చూశారా వరస? మగవాడికి పేరు లేకపోయినా కనీసం జాతి ఉంది. ఆమెకి అదీ లేదు. జాతి నుంచి ఊడిపోయి 'భార్య'గా మిగిలింది. ఎద్దుల మీద గోనెలు ఎక్కించింది ఆమె కాదా? దారి పక్కన ప్రసవించి మర్నాడు మళ్ళీ బిడారుతో నడిచింది ఆమె కాదా? ఆ పుస్తకంలో సంస్థానాధీశులకీ పెద్దమనుషులకీ కొందరికి పేర్లున్నాయి. అంటే పేరు రాయడం వాళ్ళకి చేతకాక కాదు. ఎవరికి రాయాలో వాళ్ళకి బాగా తెలుసు.

మన వైపుకొస్తే ఎడ్గార్ థర్‌స్టన్. 1885 నుంచి 1908 దాకా మద్రాసు మ్యూజియం సూపరింటెండెంట్. చదివింది వైద్యం. 1909లో రంగాచారి సహాయంతో 'క్యాస్ట్స్ అండ్ ట్రైబ్స్ ఆఫ్ సదరన్ ఇండియా' ఏడు సంపుటాలు వేశాడు. లంబాడీలు నాలుగో సంపుటంలో ఉంటాం. ఎందుకంటే అది ఇంగ్లీషు అక్షరక్రమం. మన విశ్వవిద్యాలయాల్లో ఇప్పటికీ కులాల మీద పరిశోధన చేసేవాళ్ళకి ఇదే భగవద్గీత. మా కులం గురించి మా తాతని అడగరు, థర్‌స్టన్‌ని అడుగుతారు.

ఆయన కొలిచాడు. ముక్కు పొడవు, ముక్కు వెడల్పు, తల చుట్టుకొలత. పట్టుకారులాంటి ఇనప పరికరాలు పట్టుకుని ఊళ్ళు తిరిగాడు. మద్రాసు మ్యూజియంలో పోలీసు అధికారులకి ఆ కొలతల విద్య నేర్పాడు. మనుషుల్ని చూసి ఆయన ఎంత ఆనందపడ్డాడో, ఆయన్ని చూసి మనుషులెంత భయపడ్డారో ఆయనే తన పీఠికలో రాసుకున్నాడు. వైనాడ్‌లో పణియ స్త్రీలు ఆయన రావడంతోనే పారిపోయారట. తమలో బాగున్నవాళ్ళని ఏరి, లోపల గడ్డి కుక్కి, మద్రాసు మ్యూజియంలో నిలబెడతాడనుకున్నారట. నీలగిరిలో ఒక ఇరుళ మనిషి ఎత్తు కొలిచే స్తంభాన్ని చూసి ఉరికంబం అనుకుని కొలతకి రానని మొండికేశాడట. ఇవి నవ్వుకోవడానికి రాసిన కబుర్లు. చదివిన మా మాస్టారు కూడా నవ్వారు, పి.జి. క్లాసులో. నేనూ నవ్వాను అప్పుడు.

ఇప్పుడు అడుగుతున్నాను, ఆ పణియ స్త్రీలు అనుకున్నదాంట్లో తప్పేముంది? గడ్డి కుక్కలేదు, నిజమే. కాగితం మీదకి ఎక్కించి, పేరు తీసేసి, కింద చీటీ అంటించి, గాజు వెనక నిలబెట్టారు. ఆ గాజు వెనక నుంచే ఒకామె మా ఇంటికి వచ్చింది, నా సన్మానంతో పాటు. పారిపోయిన ఆ ఆడవాళ్ళు ఆ రోజుల్లో ఈ విషయం మీద ఎవరూ చెప్పనంత సూటిగా చెప్పారు. అది విమర్శ అని మనం గుర్తించలేదు.

ఈ పుస్తకాలు బొమ్మల పుస్తకాలు మాత్రమే అయితే ఇంత గొడవ అక్కర్లేదు. థర్‌స్టన్ లంబాడీల గురించి రాసేటప్పుడు ఆధారపడ్డవాళ్ళలో మల్లాలీ అనే పోలీసు అధికారి ఉన్నాడు. 1892లో మద్రాసు రాష్ట్రంలోని 'నేర జాతుల' మీద పుస్తకం రాసినాయన. మరి మావాళ్ళ నేరమేమిటి? ఉప్పు, ధాన్యం ఎద్దుల మీద వేసుకుని తీరం నుంచి లోపలికి, లోపల్నుంచి తీరానికి మోశారు. మొగలాయీ సైన్యాలకీ, ఆ తర్వాత ఇంగ్లీషు సైన్యాలకీ తిండి మోశారు. రైలు వచ్చింది, బిడారు పోయింది. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చింది, పశువులు మేసే అడవి సర్కారుదైపోయింది. పల్నాడులో పుల్లరి మీద జనం తిరగబడ్డారు. 1922లో మించాలపాడులో కన్నెగంటి హనుమంతుని కాల్చి చంపారు. బతుకుతెరువు తీసేసిన వాళ్ళే బతకడానికి చేసే ప్రతి పనినీ నేరమన్నారు. 1871లో ఉత్తరాదిన మొదలైన నేర జాతుల చట్టాన్ని 1911లో మద్రాసుకి తెచ్చారు. అంటే థర్‌స్టన్ పుస్తకం వచ్చిన రెండేళ్ళకి. 1913లో బాపట్ల దగ్గర స్టువర్టుపురం వెలిసింది. ఎరుకల కుటుంబాల్ని ఆడా మగా పిల్లా జెల్లాతో సహా తెచ్చి అక్కడ పడేశారు. పిల్లలకి పుట్టుకతోనే నేరం అంటించారు. ఆ చట్టం దేశమంతటా పోయింది 1952లో. పుస్తకం పోలేదు. ఢిల్లీలో పునర్ముద్రణలు అయ్యాయి, ఇప్పుడు కంప్యూటర్లో ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. అదే పుస్తకం, అవే మాటలు, ఒక్క ఫుట్‌నోట్ కూడా మార్చకుండా.

'అరుదైన' అంటే ఏమిటసలు? 200 ప్రతులు కాబట్టి అరుదు అంటున్నారు. ఆ ఫొటోలోని ఆమె ఎన్ని ప్రతులు? ఒక్కటే కదా!

ఇదంతా ఆ కాలం, ఆ మనుషులు అంతే, అప్పటి కళ్ళతో చూడాలి అంటారు. సరే, అప్పటికంటే ఇంకా ముందుకి పోదాం. దూరం కూడా కాదు. మాచర్ల నుంచి సాగర్ రోడ్డులో వెళితే విజయపురి సౌత్, అక్కడ లాంచీ ఎక్కితే నాగార్జునకొండ మ్యూజియం. క్రీ.శ. 3వ శతాబ్దంలో ఇక్ష్వాకుల కాలంలో అక్కడ నిలబెట్టిన రాతి స్తంభాల మీద ప్రాకృతంలో ఆడవాళ్ళ పేర్లు చెక్కి ఉన్నాయి. చాంతిసిరి అని రాజు చాంతమూలుడి సోదరి, మహాచైత్యాన్ని పోషించింది. బోధిసిరి అని ఒక ఉపాసిక, సింహళ భిక్షువుల కోసం చైత్యగృహం కట్టించింది. ఎవరి కూతురు, ఎవరికి ఏమి, ఎందుకు ఇచ్చింది, అన్నీ చెక్కించుకున్నారు. వాళ్ళు రాణులూ డబ్బున్నవాళ్ళూ, ఆ స్తంభాలు మోసిన ఆడకూలీల పేర్లు అక్కడ కూడా లేవు అని నాకు తెలుసు. పల్నాటి గడ్డ మీద ఎప్పుడూ సమానత్వం పారలేదు. కానీ 17 వందల ఏళ్ళ కిందట ఉలితో రాతి మీద ఒక ఆడదాని పేరు చెక్కడానికి ఓపికున్నచోట, కెమెరా పట్టుకొచ్చినవాడికి కలంతో కాగితం మీద రాయడానికి ఓపిక లేకపోయిందంటే దాన్ని 'ఆ కాలం' అని సరిపెట్టుకోలేను.

ఇక్కడ సయ్యద్ అహ్మద్ ఖాన్ మాట చెప్పాలి, అలీగఢ్ కాలేజీ పెట్టినాయన. 1869లో లండన్ వెళ్ళినప్పుడు ఇండియా ఆఫీసులో 'ది పీపుల్ ఆఫ్ ఇండియా' చూసి కుమిలిపోయాడు. ఆయన కొడుకు ఆ బొమ్మలు తిరగేస్తుంటే ఒక ఇంగ్లీషు కుర్రాడు, మీరూ హిందుస్తానీ వాళ్ళేనా అని అడిగాడట. ఆ అబ్బాయి సిగ్గుతో ఎర్రబడి, అవును గానీ మేము ఆదివాసులం కాదు, మా పూర్వీకులు వేరే దేశం నుంచి వచ్చారు అని గబగబా చెప్పాడట. వలసపాలన చేసిన అవమానానికి ఉదాహరణగా చరిత్రకారులు ఈ సంఘటనని చెప్తారు. నిజమే. కానీ నాకు ఆ జవాబే ఎక్కువ గుచ్చుకుంటుంది. అవమానం జరిగిందని ఒప్పుకుని, దాన్ని పక్కవాడి మీదకి తోసేయడం. మేము వాళ్ళం కాదు!

ఆ జవాబు నేనూ చెప్పాను. నేను ఇంటర్మీడియెట్‌కి హాస్టల్లో చేరినప్పుడు మా యాడి నన్ను చూడ్డానికి వచ్చింది. ఫేటియా, కాంచ్లి, చేతుల నిండా గాజులతో. గేటు దగ్గర పిల్లలు గుమిగూడారు. ఎవరో సినిమా పాట ఎత్తుకున్నారు. మన సినిమాల్లో ఆ వేషం వేసుకుని గంతులేసే పాటలకి కొరతేముంది? ఆమె ఎవరు అని నా రూమ్మేటు అడిగితే, మా పొలంలో పనిచేసే మనిషి అని చెప్పాను. మాకు పొలమే లేదు. మా యాడి విన్నదో లేదో ఇప్పటికీ అడగలేదు. తెచ్చిన జొన్నరొట్టెలు గేటు లోపల పెట్టి వెళ్ళిపోయింది. ఆ మరుసటి సంవత్సరం నుంచి చీర కట్టుకుని వచ్చేది. కాబట్టి థర్‌స్టన్ని తిట్టేటప్పుడు నాకు ఒక సౌకర్యం లేదు, బయట నిలబడి తిట్టే సౌకర్యం.

ఫొటో తీసే చెయ్యి మారింది గానీ పద్ధతి మారలేదు. మా వైపు జిల్లా పేజీల్లో తరచూ వచ్చే ఫొటో ఒకటుంది. తండా మీద దాడి. ముందు వరసలో నాటుసారా క్యాన్లు, బెల్లం ఊట డ్రమ్ములు. మధ్య వరసలో నేల మీద కూర్చోబెట్టిన ఆడవాళ్ళు, కొంగులు మొహాల మీదకి లాక్కుని. వెనక వరసలో నిటారుగా అధికారులు. కింద అధికారుల పేర్లు, హోదాలు, ఎన్ని లీటర్లో లెక్క, 'నిందితులతో' అనే మాట. అచ్చం పాత సంపుటంలో పేజీయే. 1992లో దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక ఉద్యమాన్ని మనం గర్వంగా చెప్పుకుంటాం. చెప్పుకోవాలి కూడా. ఆ రోజుల్లో మన సభల్లో నేనూ నినాదాలిచ్చాను. కానీ తండాల్లో కరువు సంవత్సరం పొయ్యి మీద ఊట పెట్టిన ఆడమనిషికి మనమేం చెప్పాం? ఆమెకి బెల్లం అప్పిచ్చిన షావుకారు ఫొటో ఏ పేపర్లో వచ్చింది? ఇదంతా వేరే వ్యాసం. ఇక్కడికి ఆపుతాను.

అసలు చెప్పడానికి సిగ్గుపడే విషయానికి వస్తాను. పదిహేనేళ్ళ కిందట గురజాల వైపు తండాల మీద నేనొక వ్యాసం రాశాను. మన పత్రికలాంటి పత్రికకే. వలసలు, అప్పులు, ఆడపిల్లల చదువులు మానిపించడం గురించి. ఫొటోలు నేనే తీశాను. కొత్తగా కొన్న డిజిటల్ కెమెరా, ఉత్సాహం. మిరప కల్లంలో కాయలు ఎండబోస్తున్న ఒక పెద్దమ్మ ఫొటో బాగా వచ్చింది. ఎర్రటి కాయల మధ్య ఎర్రటి టుక్రి. సంపాదకురాలికి నచ్చి కవరు పేజీ మీద వేశారు. లోపల వివరం నేనే రాసిచ్చాను: పల్నాడు లంబాడీ మహిళ.

నేను రాసిచ్చాను! లంబాడీదాన్ని, ఆడదాన్ని, స్త్రీవాదం గురించి పాఠాలు చెప్పేదాన్ని. కవరు వెనక ఛాయాచిత్రం అని పెట్టి నా పేరు వేయించుకున్నాను కూడా.

పత్రిక తీసుకుని మళ్ళీ ఆ తండాకి వెళ్ళాను. సంబరపడుతుందనుకున్నాను. ఆమె పత్రికని అటూ ఇటూ తిప్పింది. మనవడిని పిలిచి చదివించింది. "నా పేరేదమ్మా?" అంది. పత్రికవాళ్ళు వేయలేదు పెద్దమ్మా అన్నాను. అబద్ధం. "నువ్వు అడిగితే కదా వాళ్ళకి ఇచ్చేదానికి" అంది. కోపంగా కూడా కాదు, కాయలు ఏరుకుంటూ.

ఇంటికొచ్చి నా దగ్గరున్న స్త్రీల పత్రికలు పాతవన్నీ తిరగేశాను. కవరు మీద లంబాడీ ఆడవాళ్ళు, చెంచు ఆడవాళ్ళు, కోయ ఆడవాళ్ళు, బీడీలు చుట్టేవాళ్ళు, రాళ్ళు కొట్టేవాళ్ళు ఎంతమందో. గొప్ప మొహాలు. ఒక్కదాని కిందా పేరు లేదు. శ్రమైక స్త్రీ, గిరిజన సౌందర్యం, ఆశ, నిరీక్షణ... లోపల కవిత రాసినామెకి పేరుంటుంది, ఊరుంటుంది, సెల్ నంబరు కూడా ఉంటుంది. కవరు మీదామె ఒక భావం. థర్‌స్టన్ ఆమెని జాతి చేశాడు, మనం భావం చేశాం. ఆమెకి ఏది ఎక్కువ నష్టమో నాకు చెప్పండి.

మనం ఈ దేశంలో ఆడవాళ్ళ చరిత్ర తవ్వితీశాం. ఫలానావారి భార్య, ఫలానావారి తల్లి అని పడి ఉన్న ఎంతోమంది రచయిత్రులకి పేర్లు తిరిగిచ్చాం. 'రచయిత్రి తెలియదు' అని ఉన్నచోట పట్టుబట్టి వెతికి రాబట్టాం. చెయ్యగలమని తెలిసినవాళ్ళం కాబట్టే అడుగుతున్నాను. ఆ పట్టుదల అక్షరం తెలిసిన ఆడదాని దగ్గర ఎందుకు ఆగిపోయింది?

పుస్తకాలు తగలబెట్టమంటున్నావా అని అడిగారు ఒకరు. లేదు. ఆ నకలు మా ఇంట్లోనే ఉంది. మా యాడి దాన్ని గోడకి కొట్టించింది, మా బా ఫొటో పక్కన. "ఎవరిదైనా గానీ మన బిడ్డే, ఎక్కడికి పంపిస్తావ్?" అంది. ఆ ఫొటోలు లేకపోతే మా ముత్తవ్వల కాలంలో కాంచ్లి ఎలా కుట్టారో కూడా మాకు తెలిసేది కాదు, అదీ నిజమే. నేను అడిగేది ఒక చిన్న మార్పు. ఈ పాత బొమ్మల్ని మళ్ళీ అచ్చువేసేవాళ్ళు, ఎగ్జిబిషన్లు పెట్టేవాళ్ళు, క్యాలెండర్లు వేసేవాళ్ళు కింద 'పేరు తెలియదు' అని రాస్తుంటారు. ఆ మాట తీసేయండి. తెలియదు అంటే తెలుసుకోవాలని చూస్తే దొరకలేదని అర్థం. అక్కడ జరిగింది అది కాదు. ఆమె ఎదురుగా నిలబడి ఉంది, ఆమెకి నోరుంది, పక్కన దుబాసీ ఉన్నాడు. 'పేరు అడగలేదు' అని రాయండి. ఎవరు అడగలేదో కూడా రాయండి. ఫొటో ఎవరు తీయించారో, ఏ సంవత్సరమో, ఏ పనికోసమో రాయండి. ఒకే ఒక్క లైను. ఇప్పుడు తీసే ఫొటోలకైతే ఆ మాట రాయాల్సిన అవసరమే రాకూడదు.

ఇది రాయబోయే ముందు ఆ మిరప కల్లం పెద్దమ్మ దగ్గరకి మళ్ళీ వెళ్ళాను. పేరు పెట్టి, ఇంటిపేరుతో సహా ఇక్కడ అచ్చు వేయించి, తప్పు దిద్దుకోవాలని. ఈ వ్యాసానికి ఎంత బాగా అతికేదో! ముసలిదైపోయింది. కళ్ళకి ఆపరేషన్ అయింది. విషయమంతా విని పేరు చెప్పింది. వాళ్ళ అమ్మ పేరు, వాళ్ళవ్వ పేరు కూడా చెప్పింది, నేను అడగకుండానే. నేను పుస్తకంలో రాసుకుంటుంటే ఆపింది.

"నువ్వు రాసుకో. పుస్తకంలో మాత్రం వెయ్యొద్దు" అంది.

"అప్పుడు వెయ్యలేదని అడిగావు కదా పెద్దమ్మా?"

"అప్పుడు వేరు. మనవడు కానిస్టేబుల్ పరీక్షకి చదువుతున్నాడు. నా పేరు మీద పాత సారా కేసుంది. ఇప్పుడెందుకు తవ్వుకోవడం?"

నేను నోరు మూసుకున్నాను. అడిగాను, వద్దంది. ఆమె పేరు నాకు తెలుసు, ఇక్కడ రాయడం లేదు, ఎందుకంటే ఆమె వద్దంది. ఈ మూడు ముక్కలూ మీకు చెప్పమని మాత్రం ఒప్పుకుంది.

బస్సు టైమవుతోందని లేచాను. ఆమె లోపలికి వెళ్ళి ట్రంకుపెట్టె తీసి, పాత పత్రిక తెచ్చింది. నేనిచ్చిందే. ప్లాస్టిక్ కవర్లో చుట్టి దాచుకుంది. కవరు పేజీ వెలిసి గులాబీ రంగులోకి వచ్చింది.

"అసలు ఫొటో నీ దగ్గరుంటే ఈసారి పెద్దది చేయించి తీసుకురా" అంది. "దీంట్లో నా టుక్రి రంగు పోయింది. అది మా అమ్మ కుట్టింది."